నాన్నతో పోటీకి దిగు

తెనాలి

చిట్టీ,

మొన్న ఫోన్లో నీ గొంతు బాగాలేదు. ఆఫీసు పని ఎక్కువై కాదు, నాకు తెలుసు. మీ నాన్న గురించి. "తినమంటే తింటారు, పడుకోమంటే పడుకుంటారు, టీవీ పెడితే చూస్తారు, కట్టేస్తే ఆ నల్ల తెరనే చూస్తూ కూర్చుంటారు పెద్దమ్మా" అన్నావు చూడు, అక్కడ నాకూ మాట పెగల్లేదు. మీ అమ్మ పోయాక ఆయన్ని ఇక్కడ ఒంటరిగా వదలకుండా మియాపూర్ తీసుకెళ్ళి మంచిపనే చేశావు. అందులో నిన్ను వేలెత్తి చూపేవాళ్ళు ఎవరూ లేరు.

కానీ ఆ టాబ్లెట్ సంగతి వినగానే ఒళ్ళు మండింది. మెదడుకి పదును పెట్టే ఆటలంటూ ఏడాది చందా కట్టేసి, రోజూ పొద్దున్న అరగంట ఆడి తీరాలని ఆయనకి టైంటేబుల్ రాసి ఫ్రిజ్ మీద అంటించావట! బీపీ మాత్ర, షుగరు మాత్ర, ఆ తర్వాత ఆట. బడిపిల్లాడా ఆయన? సరేలే, నీమీద నా కోపం ఎంతసేపు. నీకు తోచిన మంచి నువ్వు చేశావు. నాకు తోచింది ఇప్పుడు చెప్తాను, విసుక్కోకుండా చదువు.

ముందు ఆ చందా సంగతి. అమెరికాలో ల్యుమోసిటీ అని ఇలాంటి ఆటలమ్మే కంపెనీ ఒకటుంది. తమ ఆటలు ఆడితే వయసుతో వచ్చే మతిమరుపు దగ్గరకి రాదన్నట్టు ప్రకటనలు గుప్పించింది. అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ రుజువులేవని నిలదీస్తే, 2016లో 20 లక్షల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. తెరమీద రంగులు జతపరచడం రోజూ చేస్తే రంగులు జతపరచడం బాగా వస్తుంది. కళ్ళజోడు ఎక్కడ పెట్టానన్నది కూడా దాంతోపాటే గుర్తుకొస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అలాగని ఆటలే వద్దంటున్నానని అనుకోకు. ఫ్రాన్సులో బోర్దో ప్రాంతంలో 3,675 మంది పెద్దవాళ్ళని 20 ఏళ్ళపాటు గమనించారు. పేకాట, బోర్డు ఆటల్లాంటివి క్రమంగా ఆడేవాళ్ళకి డిమెన్షియా వచ్చే అవకాశం 15 శాతం తక్కువగా ఉందని 2013లో ప్రకటించారు. ఇంతవరకు వింటే నువ్వు ఇంకో టాబ్లెట్ కొంటావు. నేను ముప్ఫయ్యేళ్ళకి పైగా సైన్సు చెప్పినదాన్ని, మిగతా సగం కూడా చదివాను. మొదట్లోనే ఎవరి బుర్ర ఎంత చురుగ్గా ఉంది, ఎవరికి దిగులుంది అన్నది కూడా లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా దాదాపు చెరిగిపోయింది. ఆటే వాళ్ళని కాపాడిందో, బాగున్నవాళ్ళే ఆటకి కూర్చున్నారో తేల్చి చెప్పలేం. కాకపోతే ఆడేవాళ్ళు తర్వాతి ఏళ్ళలో దిగులులో పడటం తక్కువని కూడా అందులోనే ఉంది. నేను పట్టుకున్నది ఆ ముక్క. మీ నాన్నకి ఇవాళ ఉన్నది మతిమరుపు కాదు కదే, దిగులు.

ఆయన బస్టాండులో కంట్రోలరుగా చేసిన రోజులు నీకు లీలగా గుర్తుండాలి. పొద్దున్న లేస్తే డ్రైవర్లతో వాదన, కండక్టర్లతో వాదన, ఆలస్యమైన బస్సు కోసం వచ్చి మీదపడే జనంతో వాదన. ఇంటికొస్తే మీ అమ్మ. మా చెల్లెలు ఏ మాటా ఊరికే పోనిచ్చే రకం కాదు. చారులో ఉప్పు దగ్గర్నుంచి ఎన్నికల్లో ఎవరు గెలుస్తారన్నదాకా ఇద్దరికీ రోజూ పందెమే. అలాంటి మనిషికి ఇప్పుడు మీ ఇంట్లో వినబడేవి ఏమిటి? "సరే నాన్నా", "అలాగే మావయ్యగారూ", "ఓకే తాతయ్యా". ఆయన తప్పు చెప్పినా ఎవరూ కాదనరు. చూసుకునేవాళ్ళు ముగ్గురున్నారు, ఆయనతో పోటీపడేవాళ్ళు ఒక్కరూ లేరు. మీ మర్యాదలో ఆయన మెత్తగా మునిగిపోతున్నారే పిచ్చిపిల్లా. ఎదురుగా కూర్చుని "ఈసారి మీ కాయ చంపకపోతే చూడండి" అనే మనిషి కావాలి ఆయనకి. టాబ్లెట్ ఆ మాట అనలేదు.

ఇది నాకు మా అత్తగారి దగ్గర తెలిసొచ్చింది. ఆవిడ వామనగుంటల్లో ఉద్దండురాలు. చేప ఆకారంలో మడతపెట్టే చెక్క పీట, ఏడూ ఏడూ పద్నాలుగు గుంటలు, నిండా చింతపిక్కలు. ఒక గుంటలో పిక్కలు తీసి పంచుకుంటూ పోతే ఎక్కడ ఆగుతుందో, అక్కణ్ణించి ఎదుటివాళ్ళ గుంట ఎలా కొల్లగొట్టొచ్చో ముట్టుకోకుండానే లెక్కేసేది. కంటిలో పొర వచ్చాక పిక్కలు సరిగ్గా కనబడక తడబడటం మొదలుపెట్టింది. నేనేమో జాలిపడి, తెలిసి తెలిసి ఓడిపోవడం మొదలుపెట్టాను. పెద్దావిడ సంతోషపడుతుంది కదా అని. ఒకరోజు ఆట మధ్యలో పీట టప్పున మూసేసి, "నాతో ఆడుతున్నావా, నన్ను ఆడిస్తున్నావా?" అంది. ఆ తర్వాత ఎన్నిసార్లు బతిమాలినా నాతో కూర్చోలేదు. కంటి ఆపరేషనయ్యాక పక్కింటి పిల్లల్ని పిలిచి ఆడింది, నన్ను కాదు. నువ్వు మాత్రం ఆ పని చెయ్యకు. ఓడించగలిగితే ఓడించు. ఆయన ఉడుక్కుంటే ఉడుక్కోనీ, ఆ రాత్రి అన్నం కాస్త ఎక్కువే తింటారు.

ఏ ఆట అంటావా? ఆయనకి వచ్చిన ఆట. కొత్తది నేర్పించాలని తాపత్రయపడకు, ఆయన చేత మీ బంటిగాడికి నేర్పించు. పులిమేక బోర్డు ఎక్కడా కొనక్కర్లేదు, వాడి డ్రాయింగు పుస్తకంలో కాగితం చాలు. గీతలు ఎలా గియ్యాలో తాతనే అడగమను. మూడు పులులు, పదిహేను మేకలు. పులి దూకి మేకని తినాలి, మేకలు చుట్టుముట్టి పులిని కదలకుండా కట్టెయ్యాలి. పులి పక్షం చాలా సులువనుకుంటారు పిల్లలు. మీ నాన్న మేకలు పట్టారంటే వాడి మూడు పులులూ మూలల్లో బిక్కచచ్చి కూర్చోవాల్సిందే. వాడు ఉక్రోషంతో రెండో ఆటకి రమ్మంటాడు చూడు, ఆ రమ్మనడమే మనకి కావలసింది. నువ్వు "తాతయ్యతో కాసేపు కూర్చోరా" అని పంపితే వాడు ఫోను పట్టుకుని కూర్చుంటాడు. పగ తీర్చుకోడానికైతే వాడంతట వాడే పరిగెత్తుకొస్తాడు.

అష్టాచెమ్మాకి మీ ఆయన్నీ కూర్చోబెట్టు. నాలుగు గవ్వలూ వెల్లకిలా పడితే చెమ్మ, బోర్లా పడితే అష్ట, ఇంకో పందెం. ఎదుటి కాయని చంపితేగానీ లోపలి గళ్ళలోకి పోనివ్వరు కాబట్టి మర్యాదస్తులకి ఇందులో చోటు లేదు. మామగారి కాయ చంపడానికి అల్లుడుగారు మొదట మొహమాటపడతాడు, పడనీ. వైకుంఠపాళి మాత్రం శివరాత్రి జాగారానికి పనికొస్తుంది గానీ రోజూ ఆడేది కాదు. అందులో బుర్రకి పనేముంది, అంతా పాముల దయ.

ఇక రమ్మీ. నువ్వు ఈ మాట దగ్గర మొహం చిట్లిస్తావని తెలుసు. మీ అమ్మ దాన్ని ఇంట్లో అడుగుపెట్టనివ్వలేదు, అప్పట్లో ఆవిడ భయం ఆవిడది. కానీ ఆలోచించి చూడు, పదమూడు ముక్కలు చేతిలో సర్దుకోవాలి. ఎదుటివాడు ఏది ఎత్తాడో, ఏది కొట్టాడో గుర్తుపెట్టుకోవాలి. వాడికి ఏ ముక్క కావాలో ఊహించి దాన్ని చేతిలోనే బిగించాలి. అనుకున్న సీక్వెన్సు రాకపోతే క్షణంలో పథకం మార్చాలి. చివర్లో కౌంటు నోటితో కూడాలి. మధ్యలో వేళాకోళాలు. ఇన్ని పనులు ఒకేసారి చేయించే వ్యాయామం నీ టైంటేబుల్లో ఏముంది?

డబ్బు సంగతిలో మాత్రం గట్టిగా ఉండు. మీ నాన్న సుప్రీంకోర్టు తీర్పు ఎత్తుకుంటారు. సికింద్రాబాదులో ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో, రమ్మీ ప్రధానంగా నేర్పు మీద నడిచే ఆటేనని 1968లో చెప్పిన మాట నిజమే. నేర్పుంటే మాత్రం జేబు ఖాళీ కాదని కోర్టు అనలేదని చెప్పు. ఫోన్లో డబ్బు కట్టి ఆడే రమ్మీని తెలంగాణలో 2017లోనే నిషేధించారు. 2025లో కేంద్రమే డబ్బు పందేల ఆన్‌లైన్ ఆటల మీద దేశమంతటికీ చట్టం చేసింది. అయినా ఏదో ఒక లింకు పంపి పెద్దవాళ్ళని లాగేవాళ్ళుంటారు. ఆయన ఫోను ఒకసారి చూడు, కానీ దొంగచాటుగా కాదు, ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకుని చూడు. చింతపిక్కలు పెట్టి ఆడితే ఎవరికీ నష్టం లేదు. మా పెరట్లో చెట్టుంది, ఎన్నయినా పంపిస్తాను.

ఎంతసేపని మీరు ముగ్గురే ఆడతారు? మీ అపార్టుమెంటు క్లబ్‌హౌసులో క్యారమ్ బోర్డు ఉందన్నావు. అక్కడ చేరే పెద్దవాళ్ళలో సగంమంది హిందీ, తమిళం మాట్లాడతారని, నాన్న మాట కలపలేకపోతున్నారని అన్నావు. క్యారమ్స్‌కి భాష ఎందుకే? రెడ్డు వేశాక ఫాలో వెయ్యాలన్నది అందరికీ తెలిసిందే. మగవాళ్ళు ఊరికే వెళ్ళి "ఎలా ఉన్నారు" అని పలకరించుకోలేరు, వాళ్ళకేదో ఒక వంక కావాలి. మొదటిరోజు నువ్వు వెంట వెళ్ళి, ఆట మొదలవగానే ఫోను వచ్చినట్టు బయటికి వచ్చెయ్. అక్కడే నిలబడి "నాన్నా, నీళ్ళు తాగారా" అని పదిసార్లు అడగకు. ఆయన వాళ్ళముందు జబ్బుమనిషి అయిపోతారు.

చెవుల పరీక్ష మాత్రం ఈ నెల్లోనే చేయించు. ఫోన్లో ఆయన ప్రతి మాటకీ "ఆఁ?" అంటున్నారు. వినబడనివాడు నలుగురిలో కూర్చుంటే ఎవరెందుకు నవ్వుతున్నారో తెలియక మెల్లగా లేచి వచ్చేస్తాడు. మనమేమో మనిషి ముభావి అయ్యాడనుకుంటాం. 2024లో లాన్సెట్ కమిషన్ డిమెన్షియాకి దారితీసేవాటిలో మనం మార్చుకోగలిగినవి 14 అని పట్టిక ఇస్తే, అందులో వినికిడి లోపమూ ఉంది, చూపు తగ్గడమూ ఉంది, దిగులూ ఒంటరితనమూ కూడా ఉన్నాయి. మిషను పెట్టుకోనని మారాం చేస్తారు. చేస్తే నాకు ఫోనివ్వు, నా తిట్లు మిషను లేకుండానే వినబడతాయి.

ఇంకొన్ని చిన్నవి. నేలమీద కూర్చోబెట్టకు, ఆ మోకాళ్ళకి చేతులున్న కుర్చీ, ఎత్తయిన బల్ల కావాలి. దీపం ఆయన వెనకనుంచి పడాలి. పేకముక్కలు పెద్ద అంకెలున్నవి దొరుకుతాయి. గంటకోసారి ఏదో ఒక వంకతో లేపు, కాళ్ళు వాచిపోతాయి. ఆట అనగానే పకోడీలు వెయ్యకు, షుగరుంది.

ఆడుతున్నప్పుడు ఒక కన్నేసి ఉంచు. పొరబాటు ముక్క కొట్టడం ఎవరికైనా జరుగుతుంది. కానీ చేతికి తెలిసిన ఆటలో ఇప్పుడెవరి వంతో పదేపదే మరిచిపోతున్నా, ఎప్పుడూ తప్పని కౌంటు కూడలేకపోతున్నా ఊరుకోవద్దు. బంటిగాడి ముందు సరిదిద్దకు, "అయ్యో నాన్నా" అనకు. తర్వాత డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళు. అదే జబ్బని గుండెలు బాదుకోకు కూడా. థైరాయిడు, బి12 తగ్గడం, దిగులు, కొన్ని మందులు కూడా ఇలా తికమక పెడతాయి, వాటిలో చాలావాటికి వైద్యముంది.

ఆ టైంటేబుల్ ఇవాళే చింపెయ్. ఆడాలనిపించనిరోజు ఆడరు. మీ అమ్మ గుర్తొచ్చిన రోజు గవ్వలు చూస్తే ఏడుపొస్తుందేమో, రానీ. పక్కన కూర్చో, ఏమీ అనకు. నీకూ ఏడుపొస్తే ఏడు తల్లీ. అన్నీ నువ్వే మోస్తున్నావని నాకు తెలుసు. ఆదివారం సాయంత్రం ఒక్కటి మాత్రం ఆయనకి వదిలిపెట్టు. లాప్‌టాప్ మూసి, వంట మీ ఆయనకి అప్పజెప్పి ఎదురుగా కూర్చో. నీకూ నవ్వి చాలాకాలమైంది.

వచ్చేవారం ఎదురింటివాళ్ళ అబ్బాయి హైదరాబాదు వస్తున్నాడు. అత్తగారి వామనగుంటల పీట, గవ్వలు, కందిపొడి ఇచ్చి పంపిస్తున్నాను. కందిపొడిలో మీ నాన్న కోసం ఉప్పు తగ్గించాను. దసరాకి మీ పెదనాన్నా నేనూ వస్తాం, అప్పుడు రమ్మీకి అందరం కూర్చుందాం. చేతిలో జోకరు పడితే మీ నాన్న ఎడమ చెవి గోక్కుంటారు. మీ అమ్మే చెప్పింది నాకు. ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, నువ్వూ బంటిగాడికి చెప్పకు.

ఆశీస్సులతో
మీ పెద్దమ్మ