స్లిప్పరీ ఎల్మ్ - ఒక సంకర వృక్షపు పుట్టుక

అమెరికానుండి పిల్లలు పంపు వస్తువులలో ‘స్లిప్పరీ ఎల్మ్’ గొంతు బిళ్ళలు గాని, పొడి గాని కొందరి ఇండ్లలో కనబడుచున్నవి. ఇది మన నెమలినార చెట్టేనా అని నన్ను అడుగుచుందురు. కాదు. ఆయుర్వేదము చిరబిల్వమని పేర్కొను నెమలినార ఎల్మ్ కుటుంబమునకే చెందినను వృక్షము వేరు, గుణము వేరు. ఒకదానికి బదులుగా మరొకటి వాడరాదు.

స్లిప్పరీ ఎల్మ్ ఉత్తర అమెరికా తూర్పు భాగపు అడవి చెట్టు. దాని లోపలి బెరడులో జిగురు మెండు. పొడిని నీటిలో కలిపినచో నానిన సబ్జా గింజలవలె జారుడుగా మారి, మంట పుట్టిన గొంతుపై పొరవలె పరచుకొనును. అచటి ఆదివాసులు దీనిని పూర్వమునుండి ఎరుగుదురు.

ఇప్పుడు దాని ప్రక్కనే వేరొక చెట్టు పెరుగుచున్నది. దానిని ఎవరును అంటుకట్టలేదు. ఇరవయ్యవ శతాబ్ది ఆరంభమున ఆసియానుండి సైబీరియన్ ఎల్మ్‌ను అమెరికాకు తెచ్చిరి. 1930లలో ధూళి తుఫానులు చెలరేగినప్పుడు గాలికి అడ్డుగా పొలాల అంచులలో విరివిగా నాటిరి. రెండు జాతులును ఆకులు రాకమునుపే, వసంతారంభమున పూయును. పుప్పొడిని మోయునది గాలియే. క్రోమోజోములు రెండింటికిని 28. ఇంకేమి కావలెను? సంకరము పుట్టినది. దానికి ‘అల్మస్ ఇంటర్మీడియా’ అని పేరు. స్లిప్పరీ ఎల్మ్ ఆకు పెద్దది, ఉప్పుకాగితమువలె గరుకైనది; సైబీరియన్ ఆకు చిన్నది, నునుపైనది; సంకరపు ఆకు ఈ రెండింటికిని నడిమిది.

చిక్కంతయు ఇక్కడనే కలదు. 1930 ప్రాంతమున అమెరికాలో ప్రవేశించిన డచ్ ఎల్మ్ తెగులు స్లిప్పరీ ఎల్మ్‌ను చంపుచున్నది. సైబీరియన్ చాలవరకు తట్టుకొనును. పైగా సంకర వృక్షములు మరల సైబీరియన్ జాతితోనే ఎక్కువగా కలియుచున్నవని విస్కాన్సిన్ పరిశోధకులు 2009లో జన్యు పరీక్షలద్వారా చూపిరి. అనగా ఓషధి వంశము పరజాతిలోనికి ఇంకిపోవుచున్నది. బెరడుకై చుట్టూ ఒలిచిన చెట్టు చచ్చుననుట చెప్పనక్కరలేదు.

ద్రవ్యమును గుర్తించిన పిదపనే దాని గుణమును చెప్పుట మన వైద్యుల పద్ధతి. కావున పొట్లముపై ‘అల్మస్ రూబ్రా’ అను పేరు లేనిదానిని నేను తీసుకొమ్మనను. గర్భిణులు వాడరాదు. ఇతర మందులకును దీనికిని నడుమ రెండు గంటల ఎడముంచవలెను. ఈ జిగురు వాటిని ఒంటబట్టనీయకపోవచ్చును. జ్వరముతో కూడిన గొంతునొప్పికి వైద్యుని చూడవలెను. సామాన్యమైన గొంతు గరగరకు మన అతిమధురము చాలును. రక్తపోటు ఉన్నవారు మాత్రము దాని జోలికి పోరాదు.