బడిలో వెనుకబడిన బిడ్డ: చట్టము, మన కర్తవ్యము

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతములలో మన పిల్లలు అనేకులకు ఇంటి భాష ఉర్దూ, బడి భాష తెలుగు. కుప్పంలో తమిళ కన్నడములు కూడ వినవచ్చును. ఇట్టి చోట బిడ్డ చదువలేకపోయినచో "భాష రాదు", "సోమరి" అని మనము తేల్చివేయుచున్నాము. కారణము డిస్లెక్సియా కావచ్చును. కొత్త భాష వలని ఇబ్బంది అభ్యాసముతో తగ్గును. ఇంటి భాషలోను, చక్కగా బోధించినను, అక్షరములు కూడబలుకలేనిచో ముందుగా చూపు, వినికిడి పరీక్షించి, పిదప నిపుణునికి చూపవలెను.

1995 నాటి చట్టములో లేని అభ్యసన వైకల్యమును 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము గుర్తించినది. దానిని తొలిదశలోనే కనిపెట్టుట విద్యాసంస్థల విధి యని 16వ సెక్షను చెప్పుచున్నది. పరీక్షలో అదనపు సమయము, వ్రాయసకాని సహాయము, ద్వితీయ తృతీయ భాషల మినహాయింపు 17వ సెక్షనులో పేర్కొనబడినవి. ఏడీహెచ్‌డీ అను అవధానలోపము మాత్రము ఆ పట్టికలో పేరుతో లేదు. అయినను అట్టి బిడ్డను ముందు వరుసలో కూర్చుండబెట్టి, పనిని చిన్న భాగములుగా ఇచ్చుటకు ఏ ధ్రువపత్రమును అక్కరలేదు.

తల్లిదండ్రులు ప్రధానోపాధ్యాయునికి అర్జీ వ్రాసి, నకలు ఉంచుకొనవలెను. మండలములోని భవిత కేంద్రమున ప్రత్యేకోపాధ్యాయుని సలహా పొందవలెను. వ్రాత రాని తల్లికి ఆ అర్జీ వ్రాసిపెట్టుట మన కళాశాల విద్యార్థులు నేడే చేయదగిన సేవ.