దగ్గులో రక్తం: టి.బి. ఒక్కటేనా?

దగ్గితే రక్తం పడిందని ఎవరైనా వస్తే మేము ముందుగా తెమడ పరీక్షే చేయిస్తాము. మన దేశంలో టి.బి. ఇంకా ఎక్కువే గనుక అది సరైన పద్ధతే. అయితే తెమడలో క్రిములు కనబడక, టి.బి. మందులు వాడుతున్నా ఆయాసం పెరుగుతుంటే మరో జబ్బును కూడా అనుమానించాలి. దాని పేరు వాస్క్యులైటిస్, అనగా రక్తనాళాల వాపు.

క్రిములతో పోరాడవలసిన రోగనిరోధక శక్తి ఈ జబ్బులో మన సొంత సన్నని రక్తనాళాల మీదనే తిరగబడుతుంది. ఊపిరితిత్తుల్లోని గాలి గదుల చుట్టూ వెంట్రుకకంటె సన్నని నాళాలు అల్లుకొని ఉంటాయి. అవి దెబ్బతింటే ఆ గదుల్లో రక్తం నిండుతుంది. ఇంత జరుగుతున్నా కొందరికి దగ్గులో ఒక్క చుక్క కూడా బయటకు రాదు! ఆయాసం, మనిషి పాలిపోవడం, హిమోగ్లోబిన్ కొద్ది రోజుల్లోనే పడిపోవడం మాత్రమే కనిపిస్తాయి. మరికొందరికి ఊపిరితిత్తుల్లో గడ్డలు, వాటి మధ్య గుల్లలు ఏర్పడతాయి. ఎక్స్‌రేలో చూస్తే టి.బి. అనే అనిపిస్తుంది.

ఈ జబ్బు నొప్పి లేకుండానే మూత్రపిండాలనూ పాడుచేస్తుంది. అందుకే దగ్గులో రక్తం పడినవారికి మూత్రపరీక్ష తప్పక చేయాలంటాము. ఖర్చు కొద్ది, ఫలితం త్వరగా వస్తుంది. అందులో రక్తం, ప్రోటీను కనబడితే క్రియాటినిన్, ఆంకా అనే రక్తపరీక్షలు, సి.టి. స్కాన్, ఒక్కోసారి బయాప్సీ అవసరమౌతాయి. ఆంకా ఒక్కదానినే చూసి నిర్ణయించకూడదు, టి.బి. రోగుల్లో కూడా అది అప్పుడప్పుడు పాజిటివ్ వస్తుంది. నెలల తరబడి ముక్కులో పక్కులు, కీళ్ళనొప్పులు, కాళ్ళమీద ఎర్రమచ్చలు ఉంటే, అడగకపోయినా డాక్టరుగారికి చెప్పండి.

1958లో వెలువడిన ఒక పరిశీలనలో ఈ జబ్బులో ఒక రకం ఉన్నవారు చికిత్స లేక సగటున 5 నెలలే బ్రతికారు. ఇప్పుడు స్టెరాయిడ్లతోపాటు సైక్లోఫాస్ఫమైడ్ గాని, రిటుక్సిమాబ్ గాని ఇస్తే చాలామందికి జబ్బు అదుపులోకి వస్తుంది. క్యాన్సరు మందు ఇస్తున్నారేమిటని ఇంటివారు కంగారుపడతారు. ఆ మందు క్యాన్సరుకూ వాడతారు, దీనికీ వాడతారు, అంతే. ఊపిరితిత్తుల్లో రక్తస్రావం మొదలైతే మాత్రం ఒక్కరోజు ఆలస్యమైనా ప్రాణాపాయమే.

టి.బి. మందులను గాని, స్టెరాయిడ్లను గాని మీ అంతట మీరు మానవద్దు. ఈ చికిత్సలో క్రిములను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది గనుక జ్వరం వస్తే ఆ రోజే ఆసుపత్రికి రండి. పాత ఎక్స్‌రేలు, మందుల చీటీలు అన్నీ వెంట తెచ్చుకోండి.