వైద్య సహాయక వృత్తులు - మన యువత

"సార్, డాక్టరు చదువు మా వల్ల కాదు. ఆసుపత్రిలో మరేదైనా ఉద్యోగము దొరకదా?" అని ఇంటర్మీడియట్ ముగించిన విద్యార్థులు మమ్ములను తరచుగా అడుగుచుందురు. దొరకును. అయితే ఏ దారిన వెళ్ళవలెనో ముందుగా తెలిసికొనవలెను.

అమెరికాలో 'మెడికల్ అసిస్టెంట్' అన్నది ఒక ప్రత్యేక వృత్తి. మన దేశమున ఆ పనిని ఏఎన్ఎం, ల్యాబ్ టెక్నీషియన్, డయాలసిస్ టెక్నీషియన్, ఆపరేషన్ థియేటర్ టెక్నీషియన్ మొదలైనవారు పంచుకొనుచున్నారు.

పూర్వము మన ప్రాంతములో పెద్ద జబ్బు చేసినచో వరంగల్ ఎం.జి.ఎం. ఆసుపత్రియే దిక్కు. 2016 అక్టోబరులో జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రత్యేక జిల్లాలైనవి. మహబూబాబాద్‌లో 2022లోను, మిగిలిన రెండింటిలో 2023లోను ప్రభుత్వ వైద్య కళాశాలలు ప్రారంభమైనవి. వైద్య కళాశాల ఉన్నచోట రక్తపరీక్ష మొదలు శస్త్రచికిత్స వరకు శిక్షణ పొందిన సహాయకుల అవసరము పెరుగును.

ఇక అర్హత విషయము. మా పూర్వ విద్యార్థి ఒకడు ఒక నర్సింగ్ హోములో చేరి, చూచి నేర్చుకొని, ఐదేండ్లు పనిచేసినాడు. రక్తము తీయుటలో అతని చేయి తిరిగినది. 2024లో ప్రభుత్వము 1,284 ల్యాబ్ టెక్నీషియన్ పోస్టులకు ప్రకటన ఇచ్చినప్పుడు అతడు దరఖాస్తు కూడ చేయలేకపోయినాడు. గుర్తింపు పొందిన డిప్లొమా లేదు, పారామెడికల్ బోర్డులో నమోదు లేదు. పనితనమున్నను పత్రము లేనందున ఆ ఐదేండ్లు లెక్కకు రాలేదు.

ఆ నియామకములో వ్రాతపరీక్షకు 80 మార్కులు. ప్రభుత్వ ఆసుపత్రులలో కాంట్రాక్టు, ఔట్‌సోర్సింగ్ సేవకు 20 మార్కులు. ఆరు నెలల సేవకు సాధారణ ప్రాంతములో 2 మార్కులు, గిరిజన ప్రాంతములో 2.5 మార్కులు. మహబూబాబాద్, భూపాలపల్లి అడవి పల్లెలలో పనిచేయుటకు జంకువారు ఈ లెక్కను గమనింపవలెను.

పని సులభమైనదని మేము చెప్పము. రాత్రి డ్యూటీలు తప్పవు. కాంట్రాక్టు ఉద్యోగికి జీతము ఆలస్యమగుట కలదు. సూది గ్రుచ్చుకొను ప్రమాదము నిత్యము ఉండును. కావున హెపటైటిస్-బి టీకా ముందే వేయించుకొనవలెను. సూది గ్రుచ్చుకొన్నచో సబ్బునీటితో కడిగి, వెంటనే వైద్యాధికారికి తెలుపవలెను. ఎయిడ్స్ నివారణ మందులు 72 గంటలలోపే ప్రారంభింపవలెను. చేరునప్పుడే నియామక పత్రము, ప్రావిడెంట్ ఫండ్ సంగతి అడుగుట తప్పు కాదు.

మన విద్యార్థులకు మరొక బలము కలదు. భయముతో వచ్చిన వృద్ధురాలికి ఆమె తెలుగులోనో, ఉర్దూలోనో, లంబాడీలోనో నచ్చజెప్పగలవాడు చికిత్సకు సగము దారి వేసినట్లే. అయితే సహాయకుడు సహాయకుడే. సూది వేయుట వచ్చినంత మాత్రమున డాక్టరునని చెప్పుకొనరాదు.

ఫీజు కట్టుటకు ముందు ఆ సంస్థకు గుర్తింపు ఉన్నదా, చివరకు బోర్డులో నమోదు లభించునా అని విచారింపుడు. నేడు ఒక్క దినము ఈ విచారణకు వెచ్చించినచో, రేపు ఐదేండ్లు వృథా కావు.