కరెంటు పోయినా లెక్క పోరాదు

పాలు కొలిచి, వెన్న శాతం చూసి, ధర కట్టే పని ఇప్పుడు అనేక సంఘాలలో కంప్యూటరు చేస్తున్నది. సరిగా పాలవేళకే కరెంటు పోవడమూ మనకు కొత్త కాదు. ఒక పూట లెక్క చెదిరితే నష్టపోయేది పాలు పోసిన సభ్యుడే. కావున ఈ విషయం కార్యదర్శికే గాక సభ్యులందరికీ తెలిసి ఉండవలెను.

లెక్క ఎట్లు పోవును?

తెర మీద అంకె కనబడినంత మాత్రాన అది డిస్కులో చేరినట్లు కాదు. కంప్యూటరు అంకెలను ముందు తాత్కాలిక మెమరీలో ఉంచుకొని, కొంత ఆగి డిస్కుపై రాయును. లినక్స్‌లో ఈ ఆలస్యం సుమారు 30 సెకండ్ల వరకు ఉండవచ్చును. ఈలోగా కరెంటు పోతే ఆ అంకెలు పోవును. సగం రాయగానే ఆగితే పాత ఫైలు కూడ చెడవచ్చును.

చిట్టా, ఆవర్జా

మన పెద్దలు ముందు చిట్టా రాసి, పిదప ఆవర్జాకు ఎక్కించేవారు. ఆవర్జా మధ్యలో ఆగినా చిట్టా చూసి సరిచేసుకొనేవారు. కంప్యూటరులో ఇట్టి చిట్టాను జర్నల్ అంటారు. 1993లో వచ్చిన ఎన్.టి.ఎఫ్.ఎస్., 2001లో లినక్స్‌లో చేరిన ఈఎక్స్‌టీ3, దాని తరువాతి ఈఎక్స్‌టీ4 ఈ కోవలోవి. పెన్‌డ్రైవులలో తరచు కనిపించే ఫ్యాట్32కు జర్నల్ లేదు. అయితే జర్నల్ ముఖ్యంగా కాపాడేది ఏ ఫైలు ఎక్కడున్నదనే అమరికను. డిస్కుకు చేరని అంకెలను అది తిరిగి తేలేదు.

సంఘం చేయవలసినవి

1. యు.పి.ఎస్. లేనిదే సేకరణ కంప్యూటరు నడపరాదు. అది ఇచ్చే కొద్ది నిమిషాలు పాలు కొలవడానికి కాదు, లెక్క భద్రపరచి యంత్రాన్ని క్రమంగా ఆపడానికి. బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో నెలకొకసారి, పాలవేళ కానపుడు చూడవలెను.

2. పూట ముగియగానే లెక్కకు నకలు తీయవలెను. ఉదయానికొకటి, సాయంత్రానికొకటి పెన్‌డ్రైవు ఉంచి, ఎజెక్ట్ చేసిన తరువాతనే తీయవలెను.

3. కరెంటు లేనపుడు చేతి రిజిస్టరులో రాయవలెను. కరెంటు వచ్చాక చివరి చీటీలను తెరతో పోల్చి, ఆపైన సేకరణ సాగించవలెను.

తనిఖీలో మేము నకలు ఉన్నదా అని మాత్రమే అడగము, తెరచి చూపమంటాము. తెరచి చూడని నకలు ఉన్నా లేనట్లే.

సభ్యుల విధి

పాలు పోసిన వెంటనే చీటీ అడిగి తీసుకొనండి. లీటర్లు, వెన్న శాతం అక్కడే చూసుకొనండి. బిల్లు చేతికందే వరకు పారవేయకండి. యంత్రం మరచిన పూటకు మీ చీటీయే సాక్ష్యం.