పాటతో లెక్క, కథతో లెక్క: అంగన్‌వాడీ ప్రీస్కూల్‌లో అంకెలు నేర్పడం ఎలా?

(అంగన్‌వాడీ టీచర్లు, ఆయాలు, 3–6 ఏళ్ల పిల్లల తల్లిదండ్రుల కోసం)

అంగన్‌వాడీ అంటే గుడ్డు, పాలు, బాలామృతం మాత్రమే అని చాలామంది అనుకుంటారు. 1975 అక్టోబర్ 2న ఐసీడీఎస్ మొదలైనప్పటి నుంచీ పూర్వ ప్రాథమిక విద్య కూడా అందులో భాగమే. 2020 జాతీయ విద్యా విధానం 3 నుంచి 8 ఏళ్ల వయసును పునాది దశగా గుర్తించింది. 2023లో కేంద్రం 'పోషణ్ భీ పఢాయీ భీ' కార్యక్రమం ప్రారంభించింది. 2024లో 3–6 ఏళ్ల పిల్లల కోసం 'ఆధారశిల' పాఠ్యప్రణాళిక విడుదలైంది. ఆటపాటలతోనే చదువు నేర్పాలన్నది వీటన్నిటి సారాంశం. అంకెల విషయంలో ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

వంద వరకు చెప్తే లెక్కలు వచ్చినట్టేనా?

కాదు. "మా వాడు వంద వరకు గడగడా చెప్తాడు" అని తల్లిదండ్రులు సంతోషపడతారు. అదే పిల్లవాడిని "మూడు చెంచాలు తీసుకురా నాన్నా" అంటే గుప్పెడు తెస్తాడు. అంటే వాడికి వరుస వచ్చింది గానీ లెక్క ఇంకా రాలేదు. లెక్క వచ్చిందనడానికి మూడు గుర్తులు:

1. అంకెల వరుస తప్పకుండా చెప్పాలి.
2. ఒక్కో వస్తువును ముట్టుకుంటూ ఒక్కో అంకె చెప్పాలి. ఒకదాన్ని వదిలేయకూడదు, ఒకదాన్నే రెండుసార్లు లెక్కపెట్టకూడదు.
3. చివర చెప్పిన అంకే మొత్తం అని తెలియాలి.

మూడోది అన్నిటికంటే ఆలస్యంగా వస్తుంది. నాలుగు గింజలు లెక్కపెట్టిన పాపను "మొత్తం ఎన్ని?" అని అడగండి. "నాలుగు" అనకుండా మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడితే ఆమెకు ఇంకా సమయం కావాలని అర్థం. కోప్పడొద్దు. గింజల చుట్టూ చెయ్యి తిప్పి, "ఒకటి, రెండు, మూడు, నాలుగు. మొత్తం నాలుగు" అని మీరే చెప్పండి. రోజూ ఇలా చేస్తుంటే మెల్లగా పట్టుకుంటుంది.

పాట ఎలా పాడించాలి?

నోటితో పాటు చెయ్యి కూడా కదలాలి. చెయ్యి కదలకపోతే అది పాటగానే మిగిలిపోతుంది. ఉదాహరణకు ఈ పాట చూడండి:

ఐదు జామకాయలు కొమ్మకు ఊగాయి
చిలకొచ్చి ఒకటి ఎత్తుకుపోయింది
కొమ్మ మీద మిగిలినవి ఎన్నమ్మా ఎన్ని?
వేళ్లు చూసి చెప్పమ్మా చిన్ని!

ముందు అందరూ ఐదు వేళ్లు చూపాలి. చిలక వచ్చినప్పుడల్లా ఒక వేలు ముడవాలి. "ఎన్ని?" దగ్గర పాట ఆపండి. పిల్లలు చెప్పేదాకా ఆగండి, మీరు అందించొద్దు. తర్వాత నాలుగు, మూడు అంటూ కిందికి రండి. చివరికి గుప్పెట మూసుకుంటుంది. "ఇప్పుడు ఎన్ని? ఏమీ లేవు. దాన్నే సున్నా అంటాం" అని చెప్పండి.

మూడేళ్ల పిల్లలకు ఐదు ఎక్కువైతే మూడు కాయలతో మొదలుపెట్టండి. మరో రోజు ఐదుగురు పిల్లల్ని నిలబెట్టి వాళ్లనే కాయలు చేయండి, ఒకరిని చిలకను చేయండి.

కథతో లెక్క

ఒక అవ్వకు ఐదు కోళ్లున్నాయి. అవ్వకు అంకెలు రావు. పొద్దున్నే ఒక్కో కోడి గంప కింద నుంచి బయటికి రాగానే గిన్నెలో ఒక రాయి వేసేది. సాయంత్రం ఒక్కో కోడి ఇంటికి రాగానే ఒక రాయి తీసేసేది. ఒకరోజు చీకటి పడింది. గిన్నెలో ఒక రాయి మిగిలిపోయింది.

ఇక్కడ కథ ఆపి, "రాయి ఎందుకు మిగిలింది?" అని అడగండి. "ఒక కోడి రాలేదు!" అని ఎవరో ఒకరు అంటారు. అప్పుడు అవ్వ దీపం పట్టుకుని వెతుకుతుంది. గడ్డివాము వెనకాల కోడి గుడ్ల మీద పొదుగుతూ కనబడుతుంది.

కథ చెప్తున్నప్పుడు గిన్నె, రాళ్లు పిల్లల ముందే ఉండాలి. ఒక కోడికి ఒక రాయి అన్నదే లెక్కకు పునాది. మర్నాడు రెండు రాళ్లు మిగిల్చి మళ్లీ అడగండి.

మన తెలుగులో గమనించాల్సింది

వస్తువులైతే రెండు, మూడు, నాలుగు అంటాం. మనుషులైతే ఇద్దరు, ముగ్గురు, నలుగురు. పిల్లలు "మూడు అక్కలు" అంటే తప్పని ఆపొద్దు. "అవును, ముగ్గురు అక్కలు" అని సరిగ్గా తిరిగి చెప్తే చాలు. రోజూ హాజరు సమయంలో "ఈరోజు ఎంతమంది వచ్చారు?" అని పిల్లలతోనే లెక్కపెట్టించండి.

వయసును బట్టి (సుమారుగా)

- 3–4 ఏళ్లు: ఎక్కువ–తక్కువ, పెద్ద–చిన్న; మూడు వరకు వస్తువులు.
- 4–5 ఏళ్లు: ఐదు వరకు, తర్వాత పది వైపు, జతపరచడం.
- 5–6 ఏళ్లు: పది వరకు వస్తువులు, సున్నా, ఒకటి కలిపితే ఎన్ని, ఒకటి తీస్తే ఎన్ని.

పిల్లలందరూ ఒకేలా నేర్చుకోరు. పక్క పిల్లలతో పోల్చొద్దు.

ఇంట్లో ఏం చేయొచ్చు?

- అన్నం వడ్డించే ముందు "మనం నలుగురం, కంచాలు ఎన్ని కావాలి?" అని అడగండి.
- బియ్యం కొలిచేటప్పుడు ఒక్కో గ్లాసుకు ఒక్కో అంకె చెప్పించండి. ధాన్యం కొలుస్తూ మొదటి కొలతను 'లాభం' అనే తాతలు ఇంట్లో ఉంటే ఆ పని పిల్లలకు దగ్గరుండి చూపించమనండి.
- ఐదేళ్లు దాటిన పిల్లలతో వామనగుంటలు ఆడండి. ఒక్కో గుంటలో ఒక్కో గింజ వేస్తూ పోవడమే మంచి లెక్కల పాఠం.

జాగ్రత్త: చింతగింజలు, గులకరాళ్లు చిన్నపిల్లలు నోట్లో, ముక్కులో పెట్టుకుంటారు. పెద్దవాళ్లు పక్కన లేకుండా ఇవ్వకండి. మూడేళ్లలోపు పిల్లలకు అందకుండా పెట్టండి. వాళ్లకు గిన్నెలు, పెద్ద మూతలు చాలు. ఆట అయ్యాక గింజలు లెక్కపెట్టి డబ్బాలో వేయించండి.

తల్లిదండ్రులు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: ప్రైవేటు నర్సరీలో అప్పుడే అంకెలు రాయిస్తున్నారు. మా పాపకు ఇక్కడ పలక మీద ఎందుకు దిద్దించరు?
జవాబు: మూడేళ్ల పిల్లల వేళ్లకు ఇంకా పట్టు రాదు. మట్టి పిసకడం, పూసలు గుచ్చడం, ఇసుకలో గీయడం రాతకు ముందు మెట్లు. మూడు అంటే ఎన్నో తెలిశాక 3 రాయడం సులువు. తెలియకుండా రాస్తే అది బొమ్మ గీయడమే అవుతుంది. దీనికోసమే కేంద్రం మాన్పించి ఫీజులు కట్టాల్సిన పనిలేదు.

ప్రశ్న: ఇంట్లో నేర్పడానికి నాకు చదువు రాదు, ఎలా?
జవాబు: కథలో అవ్వకూ రాదు కదా! కంచాలు, గ్లాసులు, గింజలు ఉంటే చాలు. ఈ వారం ఏ పాట, ఏ కథ చెప్పారో టీచర్‌ను అడిగి ఇంట్లో అదే మళ్లీ చెప్పించుకోండి.

ప్రశ్న: చేర్పించడానికి ఖర్చెంత?
జవాబు: ఏమీ లేదు. 3 నుంచి 6 ఏళ్ల పిల్లలకు ప్రీస్కూల్, ఆహారం రెండూ ఉచితం. మీ దగ్గర్లోని కేంద్రానికి బిడ్డను తీసుకెళ్లి టీచర్‌తో పేరు నమోదు చేయించండి. ఇబ్బంది ఎదురైతే సెక్టార్ సూపర్‌వైజర్‌కు గానీ సీడీపీఓ కార్యాలయంలో గానీ చెప్పండి.

చేర్పించాక రోజూ పంపండి. వారానికి రెండు రోజులు వచ్చే పిల్లలకు పాట వస్తుందేమో గానీ లెక్క నిలవదు.