నీట నిలిచిన లారీ

నూజివీడు పేరు వినగానే మనకు మామిడిపండ్లు జ్ఞప్తికి వచ్చును. పూర్వము కృష్ణా జిల్లాలో నుండి, 2022 ఏప్రిల్ నుండి ఏలూరు జిల్లాలో చేరిన ఈ పట్టణము చుట్టును మామిడితోటలు కన్నుల పండువుగా వ్యాపించియున్నవి. చిన్నరసము, పెద్దరసము, బంగినపల్లి, కలెక్టరుకాయ, ఇట్లు రకములు పెక్కు. వేసవిలో ఈ కాయలు నున్న మార్కెట్టునకును, అచ్చటినుండి దూరప్రాంతములకును పోవుట లారీల మీదనే. కాయకోత ముగిసిన పిదప తోటకు విశ్రాంతి కలుగునేమో గాని లారీకి కలుగదు. వానకాలమున చెట్ల మొదళ్లకు వేయవలసిన వేపపిండిని, సూపరు ఫాస్ఫేటును మోసికొని అది మరల అదే దారిని రావలెను.

ఆ దారికి వాగుల బెడద కలదు. మైలవరము ప్రాంతపు కొండలనుండి దిగి కొల్లేటిలో కలియు బుడమేరును గూర్చి మీరు వినియుందురు. 2024 ఆగస్టు చివరి దినమునను, సెప్టెంబరు మొదటి దినమునను కురిసిన కుంభవృష్టికి బుడమేరు పొంగి, దాని మళ్లింపు కాలువకు గండ్లు పడి, విజయవాడలోని సింగునగరము మొదలగు పేటలను ముంచివేసెను. గండ్లు పూడ్చుటకు సైన్యము కూడ రావలసివచ్చెను. ఆ దినములలో నీట మునిగిన బండ్లు వేలకొలది. నీరు తీసిన పిదప వానిలో కొన్ని రెండు దినములలో బాగుపడినవి. కొన్ని మాత్రము ఇంజను మార్చినగాని కదలలేదు. ఒకే నీట మునిగిన బండ్లకు ఇంత భేదమేల? దీనిని తెలిసికొనుటకు ఆగిరిపల్లి దారిలో ఎరువుల బస్తాలతో వచ్చుచున్న లారీ నొకదానిని ఊహించుకొందము.

దారిలో ఒక చప్టా. దానిపై మోకాటిలోతున ఎఱ్ఱనీరు పారుచున్నది. డ్రైవరు ఇరువది యేండ్ల అనుభవము గలవాడు. లారీ అతని సొంతము; అప్పు ఇంకను తీరలేదు. తెల్లవారునప్పటికి బస్తాలు తోటకు చేరవలెను. “గురువుగారూ, నీరు తగ్గువరకు ఆగుదమా?” అని క్లీనరు అడిగెను. అతడు ఆగలేదు. సగము దాటునప్పటికి తొందరపడి వేగము పెంచెను. ముందు చక్రములు నీటిని అలగా లేపినవి. ఇంజను ముందున్న ఫ్యాను ఆ నీటిని నలువైపుల చిమ్మినది. ఇంజను రెండుమారులు దగ్గి ఆగిపోయెను. డ్రైవరు గుండె గుభిల్లుమన్నది. వెంటనే తాళము త్రిప్పి సెల్ఫు కొట్టెను. ఇంజను తిరుగలేదు, “టక్” మని ఒక్క శబ్దము మాత్రము వచ్చెను. ఆ శబ్దము విని అతడు చేయి వెనుకకు తీసికొనెను. లారీని నిలిపినది నీరే గాని, దానిని కాపాడినది ఆ చేయి తీయుటయే. (పారు నీటిలోనికి బండిని దింపుటయే మొదటి తప్పు. ఆ వాగు ఇంకొక మూర పెరిగియుండిన బండిమాట అటుండనిచ్చి మనుష్యులను గూర్చియే విచారించవలసివచ్చెడిది.)

నీరు తీసిన పిదప ఊరివారు ట్రాక్టరుకు ఇనుపగొలుసు కట్టి, గేరు న్యూట్రలులో నుంచి, లారీని గట్టునకు లాగిరి. మధ్యాహ్నమునకు మెకానిక్కు వచ్చెను. అతడు బండిని తాకకమునుపే అడిగిన ప్రశ్న ఇది: “ఆగిన తరువాత సెల్ఫు కొట్టితివా?”

“ఒక్కసారి కొట్టితిని మేస్త్రీగారూ. తిరుగలేదు. మరల కొట్టలేదు.”

“మంచిపని చేసితివి. ముందు బ్యాటరీ తీగలు విప్పుము.”

ఆ ప్రశ్నలో నున్న భయమేమో చూతము. జర్మనీ దేశీయుడగు రుడాల్ఫ్ డీజిల్ 1897లో జయప్రదముగా నడిపి చూపిన ఇంజనులో నిప్పురవ్వతో పనిలేదు. సిలిండరులోనికి పీల్చిన గాలిని పిస్టను రమారమి పదునేడవ వంతునకు అణచును. అంత అణచుటచే గాలి అయిదువందల డిగ్రీలకు పైగా కాగును. ఆ వేడిగాలిలో చిమ్మిన డీజిలు తనంత తానే అంటుకొనును. గాలి అణగును, కాని నీరు అణగదు. గాలితోపాటు గ్లాసెడు నీరు లోనికి పోయినచో, పైకి వచ్చు పిస్టనునకు రాతిగోడ యడ్డమైనట్లే. వేగముగా తిరుగు ఇంజనులో ఇట్లు జరిగిన కనెక్టింగు రాడ్డు వంగును. ఒక్కొక్కమారు విరిగి ఇంజను గోడనే పగులగొట్టును. సెల్ఫును మరల మరల కొట్టుటయు అపాయమే. నీరు లేని సిలిండరు అంటుకొన్నచో ఆ బలము నీరున్న సిలిండరుపై పడును.

మెకానిక్కు మొదట ఎయిర్ ఫిల్టరు విప్పెను. అది నానిన అట్టవలె ఉండెను. గాలిగొట్టపు మూతి క్యాబిను వెనుక ఎత్తున ఉన్నదే, నీరెట్లు చేరెనని డ్రైవరు ఆశ్చర్యపడెను. మెకానిక్కు క్రిందికి వంగి, గొట్టపు రబ్బరు అతుకును వ్రేళ్లతో వంచి చూపెను. దాని అడుగున బెత్తెడు చీలిక! ఎండకాలములో అందుండి దుమ్ము పోయినది. నేడు నీరు పోయినది. ఆ రబ్బరును మార్చవలెనని క్లీనరు చెప్పి రెండు నెలలైనది. డ్రైవరు మారు పలుకలేదు.

తరువాత ఆరు ఇంజెక్టర్లను ఊడదీసి, ఇనుపకడ్డీతో ఇంజనును చేతితోనే మెల్లగా త్రిప్పిరి. మూడవ రంధ్రమునుండియు, అయిదవ రంధ్రమునుండియు ఎఱ్ఱనీరు బుడుంగున పైకి చిమ్మెను. పిదప ఇంజను తేలికగా తిరిగెను. అయినను రాడ్డు వంగలేదని చెప్పుటకు వీలులేదు. కొంచెము వంగిన రాడ్డు నాడు నడిచి, నెలకో రెండు నెలలకో ప్రాణము తీయును. కనుక బ్యాటరీ కలిపి, ఒక్కొక్క రంధ్రమునకు ఒత్తిడిగేజి బిగించి చూచిరి. రాడ్డు వంగిన చోట పిస్టను పూర్తిగా పైకి రాదు, ఒత్తిడి తగ్గును. ఒకటి, రెండు సరిపోయినవి. మూడవదాని వద్ద డ్రైవరు ముఖము త్రిప్పుకొనెను. ముల్లు ముందటి రెంటికి సరిగా వచ్చి నిలిచెను. అయిదవదియు అంతే.

ఇక మిగిలినది ఓపికతో చేయు పని. చాంబరు బిరడా వదులుచేయగా ఆయిలుకు ముందు నీరు వచ్చెను. నీరు బరువైనది గనుక అడుగున చేరును. ఇంజను తిరిగి రెండును చిలుకబడియుండిన ఆయిలు పాలు పోసిన తేనీటివలె మారియుండెడిది. డీజిలు ట్యాంకు అడుగునను నీరు కలదు. దానిని వదలి, డీజిలు ఫిల్టరు మార్చి, హ్యాండు పంపుతో గొట్టములలోని గాలిని బుడగలు నిలుచునంతవరకు తీసివేసిరి. గేరుపెట్టెను, వెనుక హౌసింగును గూడ విప్పవలసివచ్చెను. పరుగెత్తి కాగియున్న హౌసింగు చల్లని నీట దిగగానే లోని గాలి ముడుచుకొని, గాలి రంధ్రమునుండి నీటిని లోనికి పీల్చుకొనునట! కుంచితో వచ్చు దూడవలె ఇంజనును మాత్రమే పట్టుకొని తక్కినవానిని మరచువారు చక్రముల బేరింగులను పోగొట్టుకొందురు.

ఇది పాతకాలపు లారీ. 2020 ఏప్రిల్ నుండి వచ్చుచున్న బీఎస్-6 బండ్లలో ఇంజనును నడుపు కంప్యూటరు పెట్టెయు, దానికి వార్తలందించు సెన్సర్లును ఎన్నియో కలవు. వాని ప్లగ్గులలో చెమ్మ చేరినను బండి కదలదు. వానిని విప్పి గాలితో ఆరబెట్టవలెను. పైనుండి నీటితో కడుగరాదు.

రెండవదినము సాయంకాలము సెల్ఫు కొట్టిరి. ఇంజను ముక్కి, తెల్లనిపొగ గ్రక్కి, అందుకొన్నది. తెల్లపొగ ఆవిరియేనని మెకానిక్కు చెప్పెను. పావుగంట నడిపి ఆపి, క్రొత్తగా పోసిన ఆయిలును మరల తీయించెను. డ్రైవరు ధర తలచుకొని, “అప్పుడేనా?” అనెను. తీసిన ఆయిలు తెల్లబారియుండుట చూచి ఊరకుండెను.

సూపరు ఫాస్ఫేటు బస్తాలలో అడుగువరుస తడిసి ముద్దయైనది. వేపపిండి పైన నుండుటచే చెడలేదు. బ్రేకు డ్రమ్ములు ఇంకను తడిగానే ఉండెను. అందుచే డ్రైవరు బ్రేకును కొంచెము కొంచెముగా నొక్కుచు, ఆ వేడికి వానిని ఆరబెట్టుచు, నడకవేగమున తోటలవైపు లారీని పోనిచ్చెను. చప్టా వద్ద నీరు చీలమండలోతునకు దిగియుండెను. అతడు బండి ఆపి, క్లీనరును కఱ్ఱతో ముందు నడువుమని చెప్పి, వాడు ఆవలిగట్టు చేరి చేయి ఊపినంతవరకు కదలలేదు.